ఎనక చూసే మనిషి

పాత బౌద్ధ విహారం ఉన్న గుట్ట మీద, పొద్దు వంగిన తర్వాత. ఫొటోగ్రాఫర్ నరహరి శిథిలమైన ఇటుక గోడ మీద కూర్చొని ఉన్నాడు. భార్య రోజారమణి ఆయన వెనక ఉంది.

“ఇంకొంచెంసేపు కూసుందాం రమణీ. ఎండ జర దిగనీ.”

“ఎండ ఎప్పుడో దిగింది. దిగనిది మనమే.”

“గుండ్రం ఫొటో సగం అయ్యింది గద. ఇంక సగమే. ఆ స్తూపం దిక్కు వెలుగు మంచిగ లేదు, అందుకే ఆపిన.”

“ఇందాక వెలుగు ఎక్కువైందన్నవు. ఇప్పుడు తక్కువైందా?”

“ఎక్కువైనా కష్టమే, తక్కువైనా కష్టమే. కెమెరా సంగతి నీకు తెల్వదు.”

“కెమెరా సంగతి తెల్వదు. నీ సంగతి తెలుసు. లెవ్వు ఒకసారి.”

“లేస్త.”

“లెవ్వు మరి.”

“లేస్త అన్న గద. ఎనక ఎవరన్నా వస్తున్నరా? జర చూడు.”

“ఎవరు లేరు.”

“మంచిగ చూసినవా? మెట్ల దిక్కు?”

“ఎవరు లేరన్న గదయ్యా. గాలికి గడ్డి ఊగుతాంది, గంతే. లెవ్వు.”

“లెవ్వొస్తలేదే.”

“నాకు తెలుసు.”

“ఏం తెలుసు?”

“నడిమిట్ల ఆగిపోయినవు గద, గప్పుడే తెలిసింది. నువ్వు చుట్టూ తిరుగుడు మొదలువెట్టినంక ఎన్నడన్న ఆగినవా? చినుకులు పడ్డా ఆగలే, కోతి మీదికి వచ్చినా ఆగలే. ఇయ్యాల స్తూపం కాడికి రాంగనే కాలు లేపలేదు. వెలుగు బాగలేదంటివి. గోడ మీద కూలవడ్డవు.”

“కూలవడలే. కూసున్న.”

“సరే, కూసున్నవు. ఏడ పట్టింది?”

“తుంటి కాడ. టక్కుమన్నది. కాలు మీద బరువు పెడితే నడుం కాడ్నించి మెడ దాంక కట్టె లెక్క అయితాంది. జరసేపు ఉంటే అదే సర్దుకుంటది.”

“మెడ తిరగక మనిషినే తిప్పుకుంట ఇన్నేండ్లు నెట్టుకొచ్చినవు. ఇప్పుడు మనిషి గూడ తిరగకపాయె.”

“గా మెడ తిరగకనే గద నా ఫొటోలు మంచిగ అతుకుతయ్. మంది మెడ తిప్పుతరు, చెయ్యి తిప్పుతరు, కెమెరా పక్కకు జరుగుతది. అతికిస్తే గోడలు ఇరిగినట్టు వస్తయ్. నేను గుంజ లెక్క నిలవడి పాదాల మీదనే తిరుగుత. కెమెరా ఉన్న కాడనే ఉంటది. మర్రిగూడ ఫ్లోరైడు బోరు నీళ్లు తాగినోనికి స్టాండు ఎందుకన్నా అని మన సతీశే అంటుండె.”

“అంటుండె, నవ్వుతుండె. ఆ సతీశ్‌కే ఫోన్ కొడుదాం. కిందనే ఉన్నడు గద కారుల. నలుగురు మనుషులను, ఒక కుర్చీని తీస్కొని వస్తడు. నిన్ను కూసోవెట్టి దింపుకుంటరు.”

“కొట్టకు.”

“ఎందుకు కొట్టొద్దు?”

“సతీశ్ ఒక్కడే ఉన్నడా కింద? పని ఇచ్చిన ఆఫీసు సారు గూడ ఉన్నడు. నన్ను కుర్చీల పెట్టి మోసుకుంట తెస్తుంటే ఆయన చూడడా?”

“చూస్తడు. చూస్తే ఏమైతది?”

“ఏమైతదా? ఇది మొదటి గుట్ట. ఇంక నల్లగొండ గడియారం బురుజు ఉన్నది. పాలమూరు దిక్కు కోటలున్నయ్, గుళ్లున్నయ్. అన్నీ ఎక్కేటియే. గుట్ట దిగలేని మనిషికి గడియారం ఎక్కే పని ఎవరిస్తరు? అన్నీ సతీశ్‌కు పోతయ్. వానికి డ్రోను గూడ ఉన్నది, కాళ్లతోని పనే లేదు.”

“పోతే పోనీ. నేను నేస్తున్న, బిడ్డ సింధూజ నౌకరి చేస్తాంది. ఇల్లు ఆగదు.”

“ఇంటి సంగతి కాదే. నా సంగతి. మగ్గం గుంతల కూసోలేకనే గద కెమెరా వట్టింది. ఇది గూడ పోతే నేనేం చేయాలె? మా బాపు లెక్క అరుగు మీద కూసోవాలె. నీకు యాదికున్నడు గద మా బాపు?”

“యాదికి లేకుంట ఎట్లుంటడు.”

“గోడకు ఒరిగించి కూసోవెడ్తుంటిమి. ముంగటి నుంచి ఎవరు పోతే వాళ్లే ఆయనకు లోకం. పక్కింట్ల పెండ్లి అయితుంటే డప్పు ఇన్నడు గని పిల్లను చూడలే. నన్ను కూసోవెట్టిన అరుగునే అటు తిప్పుండ్రి అన్నడు. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన రమణి. నాకు అదే భయం. ఇంకేం భయం లేదు.”

“అరుగు మీద కూసుంటే నేనుండనా నీ పక్కన.”

“పక్కన ఉంటే కనవడవు గద. ఎనక ఎవరన్నా ఉన్నరా? ఏదో కదిలినట్టయింది.”

“ఎవరు లేరు. ఫోన్ మోగుతాంది. సతీశే.”

“ఎత్తకు.”

“ఎత్తకపోతే పైకి వస్తడు.”

“అయితే ఇటియ్యి. ఆఁ, సతీశ్. అయిపోవచ్చింది. లేదు లేదు, నువ్వు రాకు, ఫొటోల నువ్వు పడ్తవు. సారుకు ఇంకో చాయ్ తాపియ్యి. ఏంది? ఇగో దిగుతున్నం. ఏడి దాంక అంటే... సగం మెట్ల మీద ఉన్నం అనుకో. ఆఁ. పెడ్తున్న.”

“సగం మెట్ల మీద ఉన్నమా?”

“ఏం చెప్పాలె మరి?”

“అయిపోవచ్చిందంటివి, దిగుతున్నమంటివి, సగం మెట్లంటివి. మూడూ ఒక్క ఫోన్లనే. నమ్మనీకి వాడేమన్న సంటిపిలగాడా?”

“నమ్మిండు. నా మాట అంటే వానికి గౌరవం.”

“గౌరవం ఉన్నోడు కాబట్టే పిలువుమంటున్న. నిన్నొకటి అడుగుత చెప్పు. గీ గుండ్రం ఫొటోలు ఎవరి కోసం?”

“వంద సార్లు చెప్పిన నీకు.”

“మల్ల చెప్పు.”

“గుట్ట ఎక్కలేనోళ్ల కోసం. ముసలోళ్లు, కాళ్లు సచ్చుబడ్డోళ్లు. గా డబ్బా అద్దాలు కండ్లకు కట్టుకుంటే కూసున్న కాడనే అన్ని దిక్కులు చూడొచ్చు. ఈ విహారం నడుమ నిలవడ్డట్టే ఉంటది.”

“ఎక్కలేనోళ్ల కోసం ఎక్కలేని మనిషినే పంపిన్రు.”

“ఎక్కిన గద.”

“ఎక్కినవు. ఎవరు కాదన్నరు.”

“నువ్వు పట్టుకోవట్టి ఎక్కిన, అది గూడ నిజమే. భుజం మీద చెయ్యేసి ప్రతి మెట్టుకు ఆసరా ఇచ్చినవు. నీ చెయ్యి లేకుంటే కింది నుంచే తిరిగిపోదును.”

“ఇగ ఆ ముచ్చట ఇడిసిపెట్టు. నీళ్లు తాగు, పెదువులు ఎండినయ్.”

“ఏం నీళ్లు?”

“ఇంటికాడి నల్లా నీళ్లే. కృష్ణ నీళ్లు.”

“ఇప్పుడు కృష్ణ నీళ్లు తాగితే ఏమొస్తది? పోయేటియి పోయినయ్, ఎముకలల్ల బోరు ఉన్నది.”

“తాగయ్యా ముందుగాల.”

“మన పెండ్లైన కొత్తల మీ అమ్మ డబ్బాతోని పంపుతుండె గద నీళ్లు. కొల్లాపూర్ బస్సుకేసి, కల్వకుర్తిల బస్సు మార్పించి. బిడ్డ ఆ ఊరి నీళ్లు తాగొద్దని.”

“పంపింది. మీ అమ్మ ఆ నీళ్లు బర్రెకు పోసింది.”

“కోపం వచ్చింది ఆమెకు. మేం తాగేటియి నీళ్లు కావా అని.”

“తప్పేమన్న ఉన్నదా ఆమెది? ఇంటి నిండ మనుషులు బోరు నీళ్లు తాగుతుంటే కోడలు ఒక్కతే డబ్బా పక్కన పెట్టుకొని తాగుతదా? నేనే మా అమ్మకు చెప్పిన, పంపకు, అందరు తాగిందే నేను తాగుత అని.”

“అయినా నీకు ఏం గాలే. చిన్నప్పుడు కృష్ణ నీళ్లు తాగి పెరిగినవు, ఎముక గట్టిది. మా ఇంట్ల అందరిని ఆ రోగం పట్టింది, నిన్ను ఇడిసిపెట్టింది. నాకు నిమ్మళంగ నిద్ర పడ్తాందంటే గా ఒక్క దానికే. లేకుంటే నిన్ను తెచ్చి ముంచిన అని కుమిలిపోదును.”

“గోడ చల్లగైతాంది. కింద తువ్వాల ఏసుకో.”

“నేను చెప్పేది ఇంటున్నవా?”

“ఇంటున్న. తువ్వాల ఏసుకో.”

“రమణీ, ఇయ్యాల మాట మాటకు పక్కకు పోతున్నవు ఎందుకు?”

“నేను యాడికి పోతున్న? నీ ఎనకనే ఉన్న. ఎప్పుడున్న కాడనే.”

“గీ గదులు చూసినవా? ఒక్కో భిక్షువుకు ఒక్కో గది. మనిషి పండుకుంటే కాళ్లు గోడకు తాకుతయ్. వానకాలం అంత బయటికి పోకుంట గీండ్లనే ఉంటుండెనట.”

“వాళ్లు ఉండాలని ఉన్నరు. మనం దిగలేక ఉన్నం.”

“దిగలేక అనకు. చప్పుడైంది చూడు, ఎనక.”

“ఏం లేదు.”

“చూడకుంటనే చెప్తున్నవు.”

“చూసిన. కోతి.”

“కోతిని కాదమ్మా, నేను. కావలి యాదయ్యను.”

“యాదయ్యా? నువ్వెప్పుడు వచ్చినవు?”

“జరసేపైంది సార్. మీరు మీ బాపు అరుగు సంగతి చెప్తుంటె వచ్చిన. నడుమ మాట్లాడుడు ఎందుకని గీడనే, అమ్మ ఎనకనే నిలవడ్డ.”

“అప్పటి సంది ఇక్కడనే ఉన్నవా?”

“ఉన్న సార్. అమ్మ చూసింది అనుకున్న. చూసి గూడ ఊకున్నదంటె నన్ను ఉండమన్నట్టే గద అనుకున్న.”

“చప్పుడు గూడ కాలేదు నీది.”

“చెప్పులు కింద గేటు కాడనే ఇడుస్త సార్. పూజ లేకున్నా దేవుని జాగ. ఉత్త కాళ్లతోనే ఎక్కుత. తుంటి పట్టిందా సార్?”

“నీకు అదీ ఇనవడ్డదా?”

“మా అన్నది గూడ గట్లనే ఉంటది. కూసుంటె లేవడు, లేస్తె కూసోడు. కింద మనుషులున్నరు, పిలుసుకొస్త. పొద్దుమూకితె ఈ ఇటుకలల్లకెల్లి తేళ్లు ఎల్తయ్, ఉండొద్దు.”

“పిలువకు యాదయ్య. నీకు దండం పెడ్త. సారు అడిగితే ఫొటో తీస్తున్నరని చెప్పు.”

“ఎంతసేపు చెప్పాలె సార్? నాతోని అబద్ధం శానసేపు ఆగదు.”

“జరసేపు. నేనే దిగుత.”

“మీ ఇష్టం. గేటు కాడ కూసుంట, గట్టిగ పిలిస్తె ఇనవడ్తది. అమ్మా, జర సారును చూసుకో.”

“చూసుకుంట యాదయ్య. నువ్వు పో.”

“పోయిండా?”

“పోయిండు.”

“ఎవరు లేరంటివి రమణి. ఇంతసేపు నీ ఎనకనే మనిషి నిలవడ్డడు. నా బాపు ముచ్చట అంత ఇన్నడు.”

“ఎండ కండ్లల్ల పడ్డది, కనవడలే.”

“ఎండ నా ముంగట ఉన్నది. ఎనకకు చూస్తే నీ కండ్లల్ల ఎట్ల పడ్తది? చెప్పు.”

“పరధ్యానంగ ఉన్న. నీ తుంటి సంగతే ఆలోచన చేస్తున్న.”

“మొన్న కొల్లాపూర్ల గూడ గిట్లనే పరధ్యానంగ ఉంటివి. పాత కోట ముంగట నేను తిరుగుతుంటె ఎనక ఎవరు లేరంటివి. ఇంటికి పోయి సింధూజ కంప్యూటర్ల అతికిస్తే ఏమొచ్చింది? ఒక్క మేకలాయన రెండు దిక్కుల నిలవడ్డడు. దర్వాజ కాడ ఆయనే, మల్ల చింతచెట్టు కాడ ఆయనే. నా ఎనకంగ నడిచిపోయిండు, నీకు కనవడలే.”

“మేకలకు గంటలు లేకుండె.”

“గంటలకు ఏం సంబంధం?”

“ఏం లేదు. సింధూజ నవ్వింది గద, సారు గూడ నవ్విండంటివి.”

“సారు నవ్వలే. నరహరిగారూ, ఆ ఊర్ల మేకలాయనలు కవలపిల్లలా అని అడిగిండు. అది నవ్వుడా? అప్పటి సందే ఆయన మనసుల అనుమానం పడ్డది. అందుకే ఇయ్యాల స్వయంగ వచ్చి కింద కూసున్నడు.”

“అట్లనా. నాకు చెప్పలే నువ్వు.”

“చెప్తే నువ్వు బాధ పడ్తవని చెప్పలే. నాకు ఎనక చూసేది నువ్వు ఒక్కదానివే రమణి. నా ఈపు నీకు అప్పజెప్పి తిరుగుత. నువ్వు లేరు అంటే లేరు, ఉన్నరు అంటే ఉన్నరు. ఇంకొకరి మీద గంత నమ్మకం రాదు.”

“ఇగ అట్లనకయ్యా.”

“ఏడుస్తున్నవా?”

“లేదు.”

“గొంతు మారింది.”

“దుమ్ము పోయింది. సతీశ్‌ను పిలుద్దామయ్యా. నా మాట ఇను. చీకటైనంక పిలిచేది ఇప్పుడే పిలుద్దాం.”

“ఉండు. నాకొకటి తోచింది.”

“ఏంది?”

“మిగిలిన సగం నువ్వు తియ్యి.”

“నేనా?”

“నువ్వే. ఫొటో పూర్తయితే ఇంక నాకు సిగ్గు లేదు. అప్పుడు నువ్వే సతీశ్‌కు ఫోన్ కొట్టు. పని అంత అయినంక కాలు వట్టింది, దింపుండ్రి అని చెప్తం. సారు చేతిల ఫొటో పెట్టి కుర్చీల కూసుంట. పని చేసినోన్ని మోస్తే గౌరవమే. పని చేయలేనోన్ని మోస్తేనే అవమానం.”

“నాకు రాదు.”

“ఇన్నేండ్ల సంది నా ఎనక తిరిగినవు. రాకపోవుడేంది?”

“ఎనక తిరుగుడు వేరే. ఫొటో తీసుడు వేరే.”

“అచ్చు అతుకుతవు గద మగ్గం మీద. పాత పోగు కొస దొరకవట్టి కొత్త పోగు దానికి మెలివెడ్తవు. అతికినట్టు గూడ కానరాదు. ఇది గంతే. పాత ఫొటో అంచుల స్తూపం సగం ఉన్నది. కొత్త ఫొటోల ఆ సగం మల్ల రావాలె. మిగిలింది సింధూజ కంప్యూటర్ల మెలివెట్టుకుంటది.”

“కెమెరా బరువు.”

“తాడు మెడల ఏసుకో.”

“మెడల వద్దు.”

“ఎందుకు వద్దు?”

“వద్దు. చేతులతోనే పట్టుకుంట.”

“సరే, చేతులతోనే పట్టుకో. అగో, నా ముంగట బండ మీద సున్నం బొట్టు పెట్టిన, దాని మీద నిలవడు. అదే నడుమ. ఒప్పుకున్నట్టేనా?”

“ఒక్కటి తీస్త. వస్తదో రాదో.”

“వస్తది. ముంగటికి రా. ఆఁ, గక్కడ. కాళ్లు దగ్గరకు పెట్టు. ఇగో, పట్టు. స్తూపం కనవడ్తాందా?”

“కనవడ్తాంది.”

“నొక్కు.”

“నొక్కిన.”

“ఏదీ చూపెట్టు. అరె, మంచిగుంది రమణి. నాకంటె మంచిగుంది. ఇప్పుడు పక్కది. అటు గదుల దిక్కు యాదయ్య మల్ల వచ్చి నిలవడ్డడేమో, ముందుగాల చూసుకో.”

“లేడు.”

“కెమెరా కండ్ల మీదనే ఉన్నది, అప్పుడే లేడంటవు. మెడ తిప్పి చూడు.”

“లేడన్న గద.”

“చూడుమంటే చూడవేంది? లేకుంటే వాడు గూడ మేకలాయన లెక్క రెండు సార్లు వస్తడు.”

“చూస్తున్న. ఇగో.”

“కాళ్లు ఎందుకు జరుపుతున్నవు? మెడ తిప్పుమన్న.”

“ఎట్ల తిప్పితె ఏంది, చూసిన. లేడు.”

“నువ్వు నా లెక్కనే తిరుగుతున్నవేంది?”

“నిన్ను చూసి చూసి అలవాటైంది.”

“కెమెరా కింద పెట్టు.”

“ఇంకొకటి తీస్త.”

“కింద పెట్టు రమణి. నా దిక్కు నిలవడు. ఆఁ. ఇప్పుడు కాళ్లు కదపకుంట స్తూపం చూడు.”

“ఏం పరీక్షలివి, చీకటి పడ్తాంది.”

“స్తూపం చూడు.”

“తిరగదయ్యా.”

“ఏంది?”

“తిరగదు. నాది గూడ తిరగదు.”

“ఎప్పటి సంది?”

“మొన్నటి బతుకమ్మ కాదు, దాని ముందటి బతుకమ్మ. చప్పట్లు కొట్టుకుంట తిరుగుతుంటె ఎనక సింధూజ పిలిచింది. తిరుగుదామంటె మెడ రాలే. ఆటల ఉన్న అనుకొని అది మల్ల పిలువలే.”

“నాకెందుకు చెప్పలే?”

“చెప్తె నువ్వు కెమెరా ముడ్తవా? ఎనక చూసే మనిషి లేదని తెలుస్తె ఇంట్లకెల్లి ఎల్లవు. అరుగు మీద కూసుంటవు. నీకు అదే భయమని నాకు తెల్వదా?”

“ఒక్కింట్ల ఉండి నేనెట్ల చూడలే?”

“నువ్వు చూసేది ముంగట ఉన్నదే గద. నేను ఎప్పుడు నీ ముంగట నిలవడ్డ? మగ్గం మీద కూసున్నోళ్లకు గూడ ఎదురుంగ చూస్తె సాలు. ఎవరికి తెల్వలే.”

“మరి ఎనక ఎవరు లేరు, ఎవరు లేరు అనుకుంట...”

“ఇని చెప్పిన. చెప్పుల చప్పుడు వస్తె మనిషి, గంట వస్తె మేక. యాదయ్య ఉత్త కాళ్లతోని వస్తడని నాకేం తెలుసు.”

“నిన్ను ఇడిసిపెట్టింది అనుకున్న రమణి. నిన్ను ఒక్కదాన్ని ఇడిసిపెట్టింది అనుకున్న.”

“అనుకోనియ్యాలని చెప్పలే. నీకు నిద్ర పడ్తాందన్నవు గద.”

“ఇందాక భుజం మీద చెయ్యేసి ఎక్కించినవు.”

“నువ్వు అట్ల అనుకున్నవు. నాకు మెడ వంగదు, మెట్టు కనవడదు. నీ భుజం లేస్తె కాలు లేపిన. నువ్వే నన్ను ఎక్కించినవు.”

“మరి దిగేటప్పుడు?”

“అదే నేను గూడ ఎక్కినప్పటి సంది ఆలోచన చేస్తున్న.”

“ఫోన్ ఇటియ్యి.”

“జర ఆగు. ఇంకో రెండు మూడు తీస్త, ఎట్లనో ఒకట్ల అతుకుతది. ఫొటో కాలేదని మాత్రం చెప్పకు. నీ పని పోతది.”

“ఇటియ్యి రమణి. ఆఁ, సతీశ్. లేదు, సగం మెట్ల మీద లేం. పైననే ఉన్నం. ఫొటో కాలే. సారుకు చెప్పు. సగమే అయింది, ఇంక నాతోని కాదని చెప్పు. ఉన్నది ఉన్నట్టే చెప్పు, పర్వాలేదు. ఆఁ, దిగొస్తలేదు. మనుషులను తీస్కొని రా. యాదయ్య గేటు కాడ ఉన్నడు, తొవ్వ చూపెడ్తడు. చీకటైతాంది, ముందుగాల మీ వదినను దింపాలె. కుర్చీ ఒకటి సాలదు సతీశ్, రెండు తే.”